పిలకబాబు మొక్కు సినిమా

చలువై అమ్మమ్మ సరేనందంటే ఆ సినిమా పిల్లలకి పనికొస్తుంది, కాదందంటే పనికిరాదు. మా సంతలో ఈ విషయంలో మూడో మాట లేదు. పిల్లల్ని పట్నం సినిమాహాలుకి తీసుకెళ్ళాలనుకున్న బడి పంతుళ్ళు కూడా ముందు ఆవిడ ఇంటి మెట్ల దగ్గర చెప్పులు విప్పి లోపలికొచ్చేవారు. ఆవిడ వేయించిన అరటిపండు ముక్కల్ని నూనెలోంచి తీస్తూ, తల ఎత్తకుండానే తీర్పు చెప్పేసేది. ఒకసారి ఒక పంతులమ్మ ఏదో పేరున్న బొమ్మల సినిమా గురించి అడిగింది. "బాగుంది, కానీ చిన్నపిల్లలకి వద్దు. అందులో తల్లి చచ్చిపోతుంది. పోతే పోయింది, చల్లబడిన ఆ చేతిని అంతసేపు చూపించాలా? ఇంటికొచ్చాక పిల్లలు అమ్మ చెయ్యి వదలరు. ఇంక వంట ఎవరు చేస్తారు?" అంది చలువై. పంతులమ్మ ఆ సినిమా మానుకుంది.

ఆవిడకీ సినిమాలకీ సంబంధం పెళ్ళితోనే మొదలైంది. భర్త ప్రయూన్‌కి ఒక తెరబండి ఉండేది. వెనక తొట్టిలో తెర, వెదురుగడలు, ప్రొజెక్టర్, జనరేటర్ వేసుకుని సుఫాన్ ఏటి పొడుగునా తిరిగేవాడు. కోరిక తీరినవాళ్ళు దేవుళ్ళకి సినిమా వేయిస్తారు కదా, ఈ చుట్టుపక్కల అలాంటి మొక్కులన్నీ ఆ బండే తీర్చేది. గుడి ముందు తెర కడతారు. మొదటి వరసలో దేవుడికీ ఆయన పరివారానికీ ఖాళీ కుర్చీలు వేస్తారు. వాటిలో చంటిపిల్లాడు కూడా కూర్చోడు. మనుషులు వెనక చాపలు పరుచుకుని, దేవుడి పేరు చెప్పి తామూ చూసేస్తారు.

ఏ దేవుడికి ఏ సినిమా నచ్చుతుందో చలువైకి కొట్టిన పిండి. కోట తాతకి కత్తియుద్ధాలు కావాలి. తకియాన్ చెట్టు అమ్మవారికి ఏడుపు సినిమాలు కావాలి, అందులోనూ అత్తగారు రాక్షసి అయితే మరీ ఇష్టం. ఏటిగట్టు మీది పిలకబాబు సంగతి వేరు. ఆయన ఎప్పుడో పడవ మునిగి పోయిన ఏడేళ్ళ పిల్లాడు. ఆయనకి ఎర్రసోడా, మట్టి కోడిపుంజులు, నవ్వొచ్చే సినిమాలు ఇవ్వాలి. ఆయన గుడి ముందు వేసే కుర్చీలు కూడా చిన్నపిల్లల బడిలో ఉండేలాంటి బుల్లి ప్లాస్టిక్ కుర్చీలే.

ప్రయూన్ పోయాక బండి అతని తమ్ముడు తవిన్ చేతికొచ్చింది. తవిన్ మంచివాడే గానీ, తెలివంతా తన దగ్గరే ఉందని అతని నమ్మకం. కొత్తలో ఒకసారి వదినని అడక్కుండా పిలకబాబుకి దెయ్యాల హాస్య సినిమా వేశాడు. సగంలో జనరేటర్ ఆగిపోయింది. గాలికి తెర చిరిగింది. తవిన్ కాలు గుంటలో పడి బెణికింది. చలువై దాన్ని దేవుడి కోపం అనలేదు, కాదనీ అనలేదు. కుంటుకుంటూ వచ్చిన మరిదికి కట్టు కడుతూ, "చిన్నపిల్లాణ్ణి దెయ్యాలతో భయపెడతావా? అదీ వాడే దెయ్యమయ్యాక?" అని మాత్రం అడిగింది. అప్పటినుంచి సినిమా ఎంచే పని పూర్తిగా ఆవిడదే అయింది.

ఆవిడ ఎంచే పద్ధతి ఎవరికీ రాదు. సినిమాని ముందు తనొక్కతే చూస్తుంది. తర్వాత సందులోని పిల్లల్నందర్నీ పిలిచి, పెరట్లో గోడకి దుప్పటి కట్టించి మళ్ళీ వేయిస్తుంది. ఈసారి దుప్పటికి వీపు పెట్టి, పిల్లలకి ఎదురుగా పీట వేసుకుని, విసనకర్ర ఊపుకుంటూ వాళ్ళ మొహాలే చూస్తుంది. ఏ మాటకి ఎవరు నవ్వారు, ఎవరు పక్కవాణ్ణి చూసి నవ్వారు, ఎవరు అమ్మ కోసం తల తిప్పారు, అన్నీ ఆ మొహాల మీద కనబడతాయి. బూతుమాటలు లెక్కపెట్టే పని పెద్దవాళ్ళకి వదిలేసింది. ఆ మాటలు పిల్లలకి సంతలో ఎలాగూ వినబడతాయంటుంది.

ఈ చూపు ఆవిడకి పాత వృత్తిలోంచి వచ్చింది. ఒకప్పుడు తెరబండి సినిమాలకి మాటలుండేవి కావు. తెర పక్కన మైకుల ముందు కూర్చుని, బొమ్మ నడుస్తుంటే ఎవరో ఒకరు మాటలు చెప్పాలి. మగగొంతులన్నీ ప్రయూన్‌వి. ఆడవాళ్ళూ, పిల్లలూ, ముసలమ్మలూ, కుక్కలూ, పిల్లులూ చలువైవి. పట్నంలో తీసిన సినిమాలో రాణీగారు కూడా మా సుఫాన్ యాసలో సాగదీసి మాట్లాడేది. జనం అందుకే వచ్చేవారు. తర్వాత సినిమాలే తమ మాటలు తాము తెచ్చుకోవడం మొదలెట్టాయి. ప్రయూన్ పోయిన రోజు చలువై రెండు మైకుల్నీ గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేసింది. మళ్ళీ తియ్యలేదు.

వానలు వెనకపట్టిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఓరపిన్ వచ్చింది. ఓరపిన్‌ది సంత మొదట్లో నూడుల్స్ అంగడి. మొగుడు ఎక్కడో దక్షిణాన లారీ నడుపుతాడు. ఒక్కతే కూతురు, పేరు బైతోంగ్. పన్నెండేళ్ళది, ఆరో తరగతి. వానాకాలంలో ఆ పిల్లకి దోమల జ్వరం వచ్చి ఆసుపత్రిలో పడింది. ఒళ్ళు కాలిపోతున్న ఆ జ్వరంలో, ఫోనులో ఒక కొత్త సినిమా ముక్క చూసి కిసుక్కున నవ్వింది. ఆ సినిమా పేరు 'ఆరో తరగతి గోల'. కూతురు నవ్వేసరికి ఓరపిన్ ప్రాణం లేచొచ్చింది. మంచం పక్కనే చేతులు జోడించి, పిల్ల ఇంటికొస్తే ఆ సినిమానే మొదటినుంచి చివరిదాకా పిలకబాబుకి వేయిస్తానని మొక్కేసింది. పిల్ల ఇంటికొచ్చింది, బడికీ వెళ్ళింది. అంగడి పనుల్లో పడి మొక్కు వెనకబడింది.

ఇప్పుడా పిల్ల మళ్ళీ బడి మానేసింది. ఒకరోజు కడుపునొప్పి అంటుంది, ఇంకోరోజు తలనొప్పి అంటుంది. డాక్టరు చూసి ఏ జబ్బూ లేదన్నాడు. పంతులమ్మ అంగడికే వచ్చి, ఇలాగే ఉంటే పరీక్షలకి కూర్చోనివ్వరని చెప్పి వెళ్ళింది. తిట్టినా, బతిమాలినా బైతోంగ్ యూనిఫాం ముట్టుకోవడం లేదు. కారణం ఏమిటో ఓరపిన్ తనకు తానే తేల్చేసుకుంది.

"అలిగాడు పెద్దమ్మా. చిన్నపిల్లాడు కదా, మాటిచ్చి ఎగ్గొడితే ఊరుకుంటాడా? నువ్వూ నేనూ అయితే ఇంకో నెల చూస్తాం. వాడు చూడడు. ఈ శనివారమే వేయించెయ్, నా పిల్ల సోమవారం బడికెళ్ళిపోతుంది."

చలువైకి ఆ లెక్క పూర్తిగా మింగుడు పడలేదు గానీ, మొక్కు మొక్కే. ఆ రాత్రే సినిమా చూసింది. ఆరో తరగతి పిల్లల ముఠా, వాళ్ళ మీదికి కొత్తగా వచ్చిన పంతులు, ఆయన సైకిలు మాయం కావడం, అది వెతకబోయి బడి మొత్తం తలకిందులు కావడం, ఇదీ కథ. ముద్దులు లేవు, నెత్తురు లేదు. పంతుళ్ళని వెక్కిరించారు గానీ, అది పంతుళ్ళకి మంచిదే అనుకుంది. ఒక లావుపాటి పిల్లాడు అడుగడుగునా పడిపోతుంటే కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. తెల్లవారి సంతకెళ్ళి, చేపల బుట్టలవాళ్ళంతా వింటుండగా, "దివ్యంగా ఉంది, శనివారం వేస్తున్నాం" అని ఓరపిన్‌కి చెప్పేసింది. అయినా పద్ధతి పద్ధతే కాబట్టి, ఆ సాయంత్రం పెరట్లో దుప్పటి కట్టించింది.

సందులోని పిల్లలంతా వచ్చారు. ఓరపిన్ బైతోంగ్‌ని చెయ్యి పట్టుకుని తెచ్చి, చివర్లో కూర్చోబెట్టి అంగడికి పరిగెత్తింది. పొడుగ్గా, సన్నగా ఉన్న పిల్ల. ఒళ్ళో ఒక దిండు పెట్టుకుని ఒదిగి కూర్చుంది. మొదట్లో బాగానే నవ్వింది. సైకిలు చెట్టెక్కిన చోట అందరికన్నా ముందు నవ్వింది. చలువై తృప్తిగా విసనకర్ర ఊపుకుంది.

సగం సినిమా అయ్యాక వెనక దుప్పటి మీద తరగతి గది వచ్చింది. సుద్దముక్క కిర్రుమంది. ఒక ఈల వినిపించింది. తర్వాత గది గదంతా పగలబడి నవ్వింది. ఏం జరుగుతోందో చలువైకి గుర్తుంది. ప్లాయ్ అనే పిల్లని పంతులు బోర్డు దగ్గరికి పిలుస్తాడు. ఆ పిల్ల లేచి నిలబడితే గౌను వెనక ఎర్రటి మరక ఉంటుంది. మగపిల్లలు వేళ్ళు చూపిస్తారు. లావుపాటి పిల్లాడు నవ్వీ నవ్వీ కుర్చీ మీంచి దొర్లిపడతాడు. రాత్రి తనకి నవ్వొచ్చింది వాడు పడ్డందుకే. మరకని చూసింది గానీ దాటుకుని పోయింది.

పెరట్లో చిన్నపిల్లలు వాడు పడ్డందుకు నవ్వారు. పెద్దపిల్లలు ఇద్దరు పక్కవాళ్ళ మొహాలు చూసి నవ్వారు. బైతోంగ్ నవ్వలేదు. ఆ పిల్ల కళ్ళు దుప్పటి మీదే ఉన్నాయి. కుడిచెయ్యి మాత్రం తనకి తెలియకుండానే వెనక్కి వెళ్ళి, కూర్చున్న బట్టని తడిమి చూసుకుంది. ఒకసారి చూసుకుంది, కాసేపాగి మళ్ళీ చూసుకుంది.

చలువై చేతిలో విసనకర్ర ఆగిపోయింది. పిలకబాబుకి అలక లేదు, ఏమీ లేదు. ఈ పిల్లని చూసి బళ్ళో ఎవరో నవ్వారు. అంత తేలిగ్గా కనబడే సంగతి రాత్రి తనకి కనబడనందుకు ఆవిడకి తన మీద తనకే ఒళ్ళు మండింది.

పిల్లలు వెళ్ళిపోయాక తవిన్ చేత సినిమా మళ్ళీ వేయించింది. ఈసారి ప్లాయ్ ఒక్కదాన్నే వెతుక్కుంటూ చూసింది. తల వంచుకుని, పుస్తకం వెనక అడ్డం పెట్టుకుని, గుమ్మం దాటి వెళ్ళిపోయిన ఆ పిల్ల మళ్ళీ సినిమాలో ఎక్కడా కనబడలేదు. ఏమైందో సినిమా తీసినవాళ్ళు కూడా అడగలేదు. తర్వాతి సీన్లో ఆమె కుర్చీలో ఆ లావుపాటి పిల్లాడు కూర్చుని మొక్కజొన్నపొత్తు తింటున్నాడు. అక్కణ్ణుంచి చివరిదాకా అది వాడి చోటే.

పొద్దున్నే అంగడికెళ్ళి, ఆ సినిమా పనికిరాదని కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. ఓరపిన్ గరిటె పక్కన పెట్టి నడుం మీద చెయ్యి వేసుకుంది. నిన్న దివ్యంగా ఉన్నది ఇవాళ ఎలా చెడిందని అడిగింది. నిన్న తన కళ్ళు సరిగా పనిచెయ్యలేదంది చలువై. మొక్కింది ఆ సినిమా పేరు చెప్పే కదా, ఇంకోటి వేస్తే మోసం కాదా అని ఓరపిన్ గొంతు పెంచింది. నూడుల్స్ తింటున్నవాళ్ళు తలలెత్తారు. కారణం చెప్పేద్దామని చలువై నోటిదాకా వచ్చింది. కానీ అది ఆ పిల్ల సొంత సంగతి, ఇంతమంది మధ్య తను చెప్పేది కాదు. ఆ మాట మింగేసి, గుడి తాత దగ్గర తేల్చుకుందాం పదమంది.

గుడి చూసుకునే ఫియాన్ తాత ఎనభై దాటినవాడు. ఇద్దరి మాటా విని, పిలకబాబు ముందున్న ఎర్రసోడా సీసాలో స్ట్రా సరిచేస్తూ, పేరు చెప్పి మొక్కితే అదే వెయ్యాలన్నాడు. ముక్క కత్తిరించకూడదు, ఒక్క బొమ్మ తగ్గకూడదు. ఓరపిన్ గెలిచినట్టు తల ఎగరేసింది.

"బొమ్మ సరే బాబాయ్. మాటలో?" అంది చలువై.

"మాటలేంటి? మా నాన్న గుడి చూసిన రోజుల్లో మాటలన్నీ నువ్వూ ప్రయూనే కదా చెప్పింది. బాబు ఏనాడూ వద్దనలేదు. నీ గొంతు వినబడక పన్నెండేళ్ళయింది, ఆయనకీ బెంగగానే ఉండుంటుంది."

ఇంటికొచ్చి చలువై పెట్టె తెరిచి మైకులు తీసింది. తవిన్ నెత్తి కొట్టుకున్నాడు. సినిమాలో శుభ్రంగా మాటలుంటే, వాటి నోరు నొక్కి మళ్ళీ ఈ ముసలి గొంతు ఎవరు వింటారని వెటకారం చేశాడు. నీ కుంటికాలు గుర్తుందా అని అడిగింది వదిన. తవిన్ వైర్లు అతికే పనిలో పడ్డాడు.

ఆ మధ్యాహ్నం, పని సాయానికని చెప్పి బైతోంగ్‌ని పిలిపించింది. ఏమీ అడగలేదు. ఇద్దరూ అరటిపళ్ళు చెక్కుతుంటే తన కథ తనే మొదలెట్టింది. తెరబండి ఎక్కిన కొత్తలో, ఒక ఊళ్ళో తన కట్టుగుడ్డకీ ప్లాయ్ గౌనుకైనట్టే మరకైందనీ, ప్రయూన్ చూసి కూడా ఏమీ మాట్లాడకుండా తెర మడతపెట్టే గుడ్డ తెచ్చి కప్పాడనీ, అప్పుడే ఇతన్ని చేసుకుని మంచిపనే చేశాననిపించిందనీ చెప్పింది. బైతోంగ్ కత్తి ఆపేసింది. నెమ్మదిగా, అరటితొక్కతో చెబుతున్నట్టు, చెప్పుకొచ్చింది. పొద్దున్న జెండా దగ్గర వరసలో నిలబడ్డారట. తెల్లటి ఎండ, తెల్లటి చొక్కాలు. వెనకనుంచి కెంగ్ అనే పిల్లాడు చూసి నవ్వాడట. అతని తర్వాత వరస వరసంతా నవ్విందట. పాట అయ్యేదాకా కదలకూడదు కాబట్టి అలాగే నిలబడిందట.

"అమ్మకి చెప్పకు అమ్మమ్మా. తెలిస్తే గరిటె పట్టుకుని బడికొచ్చేస్తుంది. అందరి ముందూ మళ్ళీ అదే మాట మాట్లాడుతుంది."

"వస్తుంది, నిజమే. నేను చెప్పను. నువ్వు చెప్పాలనుకున్నప్పుడు చెప్పుకో" అంది చలువై.

చెయ్యి కడుక్కుని, చిన్న తెర మీద ఆ సీను పెట్టింది. బైతోంగ్ మొహం పక్కకి తిప్పుకుంది. భయపడకు, ఇది మన పని, పనిలా చూడమని చలువై కసిరినట్టే అంది. నోళ్ళు చూపించింది. తరగతిలో తెరుచుకున్న నోళ్ళన్నింటికీ ఏ మాటైనా పెట్టొచ్చు. నవ్వే నోరూ, అరిచే నోరూ ఒకలాగే ఉంటాయి. వాళ్ళ సంగతి తను చూసుకుంటానంది. చిక్కంతా ప్లాయ్‌తోనే. ఆ పిల్ల పెదవులు మొదటినుంచి చివరిదాకా మూసుకునే ఉన్నాయి. మూసిన నోటికి మాట పెడితే మాటలు చెప్పేవాళ్ళలో పరువుండదు.

"కానీ ఇక్కడ చూడు. గుమ్మం దాటేటప్పుడు వీపు మనవైపుంది. వీపుకి ఏ మాటైనా అతుకుతుంది. ఏమంటుంది ఇది?"

"ఏమీ అనదు. ఏడుస్తుంది."

"అది సినిమా తీసినవాళ్ళు అనుకున్నది. నిన్ను అడుగుతున్నాను."

బైతోంగ్ ఆ వీపునే మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి చూసింది. చలువై తొందరపెట్టలేదు. శనివారం ఆ కాసేపు మైకు నీదే, ఏమనాలో నువ్వే ఆలోచించుకో అని చెప్పి పంపించింది. పక్కనుంచి విన్న తవిన్‌కి కంగారు పుట్టింది. పిల్ల అసలు మాట్లాడకపోతే ఏం చేస్తావని అడిగాడు. మాట్లాడకపోతే మాట ఉండదు, ఆ నవ్వు కన్నా అదే నయమంది వదిన.

శనివారం పొద్దు వాలేసరికి ఏటిగట్టు నిండిపోయింది. చలువై మళ్ళీ మైకు పడుతోందన్న కబురు నోటా నోటా అవతలి ఒడ్డుదాకా వెళ్ళింది. పాతతరంవాళ్ళు చాపలు ముందే పరుచుకున్నారు. బడిపిల్లలంతా సాసేజ్ పుల్లలు పట్టుకుని గుంపులు గుంపులుగా కూర్చున్నారు. మొదటి వరసలో బుల్లి కుర్చీలు, వాటి ముందు స్ట్రాలు గుచ్చిన ఎర్రసోడాలు. ఓరపిన్ అగరొత్తులు వెలిగించి, ఆలస్యానికి మన్నించమని పిలకబాబుని గట్టిగానే వేడుకుంది. బైతోంగ్ తెర పక్కన చలువై వెనకాల స్టూలు మీద, ఎవరికీ కనబడకుండా కూర్చుంది.

తెర వెలిగింది. పట్నం పంతులు నోరు తెరవగానే అందులోంచి సుఫాన్ యాస సాగుతూ బయటికొచ్చింది. ముసలివాళ్ళు చప్పట్లు కొట్టారు. పిల్లలు ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత మీద మీద పడి నవ్వారు. చలువై గొంతు ఎక్కడా తడబడలేదు. పంతులు, ఆయా, ముఠాపిల్లలు, చివరికి సైకిలు బెల్లుతో సహా అన్నీ తనే అయింది. మగగొంతు వచ్చినప్పుడల్లా పక్కన ఖాళీగా ఉన్న రెండో మైకు వైపు చూపు పోయేది. బాధనిపించింది, బాగానూ అనిపించింది.

తరగతి గది వచ్చింది. ప్లాయ్ లేచి బోర్డు దగ్గరికి నడిచింది. తెర మీద వేళ్ళు లేచాయి, నోళ్ళు తెరుచుకున్నాయి. "టీచర్, బల్లి! కుర్చీ కింద పెద్ద బల్లి!" అని చలువై పది గొంతులతో కెవ్వుమంది. అక్కడ నవ్వుతున్నవాళ్ళంతా ఇక్కడ హడలిపోయినవాళ్ళయ్యారు. లావుపాటి పిల్లాడు దొర్లి పడేసరికి, "కరిచేసింది టీచర్, వెనకాల కరిచేసింది" అని ఏడుపు గొంతు పెట్టింది. గట్టు గట్టంతా గొల్లుమంది. మరకని ఎవరు చూశారో, ఎవరు చూడలేదో గానీ, ఆ నవ్వులో ఒక్కటీ ప్లాయ్ మీద పడలేదు.

ప్లాయ్ తల వంచుకుని గుమ్మం వైపు తిరిగింది. చలువై నోరు మూసుకుని మైకు వెనక్కి జరిపింది.

లౌడ్‌స్పీకర్లో ఏమీ వినబడలేదు. జనం నవ్వు సద్దుమణిగింది. తవిన్ కంగారుగా సినిమా మాటలు పెంచబోతే చేతి మీద విసనకర్ర దెబ్బ పడింది. తెర మీద ఆ పిల్ల గుమ్మం దాకా వచ్చేసింది. అప్పుడు బైతోంగ్ రెండు చేతులతో మైకు పట్టుకుంది.

"బట్టలు మార్చుకుని వస్తా. నా కుర్చీలో ఎవరూ కూర్చోకండి."

పెద్ద గొంతేమీ కాదు, కానీ ఏటి అవతలికీ వినబడింది. సోడాసీసాల దగ్గర నిలబడ్డ ఓరపిన్ ఉలిక్కిపడి అటూ ఇటూ వెతుక్కుంది. కూతురి గొంతు ఆమెకి తెలియకపోవడమేమిటి. తెర వైపు చూసింది, ఆ పిల్ల వెనక అడ్డం పెట్టుకున్న పుస్తకాన్ని చూసింది. కడుపునొప్పి, తలనొప్పి, ముట్టని యూనిఫాం, అన్నీ ఒక్కసారిగా అర్థమై, చిన్న కుర్చీల పక్కన నేల మీద చతికిలబడింది.

తర్వాతి సీను వచ్చింది. ప్లాయ్ కుర్చీలో లావుపాటి పిల్లాడు మొక్కజొన్నపొత్తు కొరుకుతున్నాడు. వాడి కోసం చలువై ఒక మాట సిద్ధం చేసుకుంది గానీ, ఆ అవసరం రాలేదు. ఖాళీగా ఉంచమన్న కుర్చీలో కూర్చోకూడదని ఈ గట్టు మీది పిల్లలకి పుట్టినప్పటినుంచీ తెలుసు. "ఒరే, లే అక్కణ్ణుంచి!" అని చాపల మీంచి ఒక గొంతు అరిచింది. ఆ వెంటనే ఇంకో నలుగురు అందుకున్నారు, కాసేపటికి పిల్లలంతా లేచి నిలబడ్డారు. "అది దాని కుర్చీరా, వస్తానని చెప్పింది కదా." వాడు మాత్రం కదలకుండా మొక్కజొన్న నములుతూనే ఉన్నాడు. ఇంక సినిమా అయ్యేదాకా వాడికి శాంతి లేదు. ఆ కుర్చీలో కనబడినప్పుడల్లా గట్టంతా ఒక్కటై వాణ్ణి లేవమంది. ముసలివాళ్ళు కూడా కర్రలు చూపించి బెదిరించారు.

సినిమా అయిపోయాక ఓరపిన్ తెర వెనక్కి వచ్చింది. కూతురి ముందు నిలబడి, నాకెందుకు చెప్పలేదే అని అడగబోయింది. ముందు గరిటె ఇంట్లో పెట్టి వచ్చి అడగమంది చలువై. ఓరపిన్ ఏడుస్తూనే నవ్వింది. ఇంకేమీ అడక్కుండా, పిల్ల జుట్టు చెవి వెనక్కి సర్ది, నూడుల్స్ వేడిగా ఉన్నాయి తొందరగా రమ్మని చెప్పి వెళ్ళింది.

బైతోంగ్ మాత్రం కదల్లేదు. చాపలు చుట్టుకుంటున్న పిల్లల్లో ఒకణ్ణే చూస్తోంది. అరిచి అరిచి గొంతు పోయినా వాడు ఇంకా ఆ లావుపాటి పిల్లాణ్ణి తిడుతూనే ఉన్నాడు.

"అమ్మమ్మా, మొదట లేవరా అని అరిచింది వాడే. వాడే కెంగ్. ఆ రోజు జెండా దగ్గర మొదట నవ్వింది కూడా వాడే."

చలువై మైకు ఆపి, వైరు చుట్టి, గుడ్డ మాత్రం చుట్టకుండా పెట్టెలో పెట్టింది.

"సోమవారం నీ కుర్చీ సంగతి నువ్వు చూసుకుంటావా, నేను రావాలా?"

"నేనే చూసుకుంటా" అని బైతోంగ్ స్టూలు మీంచి దిగింది.